సీలింగ్ మీద చెమ్మ మరక, రెండుసార్లు పెయింట్ వేసినా మళ్లీ వస్తోంది

ప్రశ్న:
బెడ్‌రూమ్ సీలింగ్‌లో ఓ మూలన పళ్లెమంత మరక, అంచులు గోధుమ రంగు. దానిపైనే పై ఇంటివాళ్ల బాత్‌రూమ్, వాళ్లేమో మా ట్యాపులన్నీ బాగానే ఉన్నాయంటున్నారు. రెండుసార్లు గీకించి, పుట్టీ పెట్టించి పెయింట్ వేయించా, రెండు నెలలు తిరక్కుండానే మళ్లీ అదే మరక. ఇప్పుడు ఫ్యాన్ హుక్ దాకా పాకింది, అదే టెన్షన్. వాటర్‌ప్రూఫ్ పెయింట్ వేస్తే ఆగుతుందా?

జవాబు 1:
ముందు ఆ గది ఎంసీబీ (కరెంటు ఆపే స్విచ్) ఆపండి, మిగతావన్నీ తర్వాత. నీళ్లు పైనుంచి దిగుతుంటే కింద ఏ పెయింట్ వేసినా బుడగలా ఉబ్బి ఊడిపోతుంది.

జవాబు 2:
మరక చుట్టూ పెన్సిల్‌తో గీత గీసి తేదీ వేయండి. రాత్రీపగలూ ఒకేలా పెరుగుతుంటే నీళ్లొచ్చే పైపు మీద అనుమానం, వాళ్ల స్నానాలయ్యాకే తడుస్తుంటే నీళ్లు పోయే పైపు మీదో, టైల్స్ సందుల మీదో. పై వాళ్లని బతిమాలి, బాత్‌రూమ్ నేలలో నీళ్లు పోయే జాలి గట్టిగా మూయించి, అంగుళం నీళ్లు 24 గంటలు నిలబెట్టించండి. నిలిచినప్పుడు దిగితే నేల, వదిలాక దిగితే పైపు. ఇంకోటి, లీకేజీ సరిగ్గా మరక మీదే ఉండాలని లేదు, మా ఇంట్లో గది అవతల కారి ఇవతల చుక్క పడేది, ప్లంబర్ చేత రెండు చోట్ల అనవసరంగా తవ్వించాం.

అడిగినవారు:
చేయించానండీ! నిలిచినంతసేపూ గీత దాటలేదు, జాలి తీసిన రెండు గంటలకి దాటేసింది. విప్పి చూస్తే జాలికీ పైపుకీ మధ్య అతుకు వదిలేసి ఉంది. వాళ్లే బాగుచేయిస్తామన్నారు. పెయింటర్ని ఎప్పుడు పిలవను?

జవాబు 3:
తొందరపడకండి, స్లాబ్ ఆరడానికి వారాలు పడుతుంది. ప్లాస్టిక్ షీట్ ముక్క నాలుగు అంచులా టేపుతో అంటించి ఒకరోజు వదిలేయండి, లోపల తేమ పడితే ఇంకా ఆరనట్టే. ఈలోగా కర్రతో తట్టి చూడండి, బోలుగా మోగిన చోట ప్లాస్టరింగ్ పట్టు వదిలింది, మీ నెత్తిన పడకముందే కొట్టించేయండి. తుప్పు మరకలు గానీ, ఇనుప కడ్డీలు గానీ కనిపిస్తే మాత్రం మేస్త్రీతో పూయించి ఊరుకోకుండా ఇంజినీరుకి చూపించండి, తుప్పుతో కడ్డీ ఉబ్బి కాంక్రీట్‌నే పగలగొడుతుంది. అంతా ఆరాక మరకను ఆపే ప్రైమర్ వేయించండి, లేదంటే మామూలు పెయింట్‌లోంచి ఆ గోధుమ రంగు మళ్లీ పైకి తేలుతుంది, లీకేజీ లేకపోయినా సరే.