అప్‌డేట్: కెర్నల్ మారాక పోయిన వైఫై మళ్లీ వచ్చింది

ఉబుంటు లినక్స్ 22.04లో కెర్నల్ (సిస్టమ్‌ను నడిపే ప్రధాన భాగం) 5.15 నుంచి 6.8కి మారాక యూఎస్‌బీ వైఫై డాంగిల్ పనిచేయట్లేదని అడిగాను కదా, సమస్య తీరింది. కొత్త డాంగిల్ కొనమని కొందరు అన్నారు, ఆ అవసరం రాలేదు. ముందు హెడర్స్ (డ్రైవర్‌ను బిల్డ్ చేయడానికి కావాల్సిన కెర్నల్ ఫైళ్లు) చూడమన్న అన్నయ్యకు చాలా చాలా థ్యాంక్స్.

నడుస్తున్న కెర్నల్ వెర్షన్ చూపే ‘యూనేమ్ -ఆర్’ కమాండ్ కొడితే 6.8 అని వచ్చింది. హెడర్స్ మాత్రం 5.15వే ఉన్నాయి. తీరా చూస్తే కెర్నల్ హెచ్‌డబ్ల్యూఈ (కొత్త హార్డ్‌వేర్ కోసం కొత్త కెర్నల్ ఇచ్చే) ప్యాకేజీ నుంచి, హెడర్స్ మామూలు జెనరిక్ ప్యాకేజీ నుంచి అప్‌డేట్ అవుతున్నాయి. నడుస్తున్న కెర్నల్‌కు సరిపడే హెడర్స్ లేకపోతే డీకేఎంఎస్ (కెర్నల్ మారినప్పుడు డ్రైవర్‌ను మళ్లీ బిల్డ్ చేసే టూల్) డాంగిల్ డ్రైవర్‌ను బిల్డ్ చేయలేదు. 6.8 మాడ్యూల్స్ (డ్రైవర్ ఫైళ్లు) ఫోల్డర్‌లో హెడర్స్‌కు దారి చూపే ‘బిల్డ్’ అనే లింకే లేదు. పాత మాడ్యూల్ ఫైల్‌ను కాపీ చేయమన్న సలహా మాత్రం దయచేసి ఎవరూ పాటించకండి. వెర్షన్ కలవకపోతే కెర్నల్ దాన్ని ‘ఇన్‌వాలిడ్ మాడ్యూల్ ఫార్మాట్’ అని తిప్పికొడుతుంది.

వైఫై లేకుండా ప్యాకేజీ ఎలా దించుకోవాలన్నదే అసలు టెన్షన్. మారతహళ్లిలో మా పీజీ రూమ్‌కు లాన్ కేబుల్ లేదు. ఫోన్‌ను యూఎస్‌బీ టెథరింగ్‌లో పెట్టి హెచ్‌డబ్ల్యూఈ హెడర్స్ ప్యాకేజీ వేశాను. డీకేఎంఎస్ తనంతట తానే డ్రైవర్‌ను బిల్డ్ చేసింది. ‘డీకేఎంఎస్ స్టేటస్’లో 6.8 పక్కన ‘ఇన్‌స్టాల్డ్’ అని కనిపించాక రీబూట్ చేస్తే నెట్‌వర్క్‌లన్నీ వచ్చేశాయి.

అర్జెంటుగా నెట్ కావాలంటే కంప్యూటర్ ఆన్ అయ్యేటప్పుడు వచ్చే గ్రబ్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్లి పాత 5.15తో బూట్ చేయండి. నాకు ఆఫీస్ కాల్స్ అలాగే గడిచాయి.