పక్క రాష్ట్రం హెల్త్ పాలసీ: అమెరికాలో గొడవ ఎందుకు, మనకెందుకు లేదు?

ఎంవీపీ_రీడర్: చెన్నైలో హెడ్డాఫీసున్న కంపెనీ పాలసీని విశాఖలో కూర్చుని కొంటున్నాం, పుణె కంపెనీదైనా అంతే. అమెరికాలో మాత్రం ఒక రాష్ట్రం పాలసీని ఇంకో రాష్ట్రంలో అమ్మనివ్వాలా వద్దా అని రెండు పార్టీలూ ఏళ్లుగా వాదించుకుంటున్నాయి. అమ్మనిస్తే పోటీ పెరిగి ప్రీమియం తగ్గాలి కదా? వచ్చే వారం ఏయూలో డిబేట్ ఉంది, నేను అనుకూలంగా మాట్లాడాలి. ఎదుటివాళ్లు ఎక్కడ పట్టుకుంటారో చెప్పగలరా?

బీచ్‌రోడ్_లా: ముందు ఒకటి సరిచూసుకోండి. అక్కడ కంపెనీలు రాష్ట్రం దాటకూడదన్న నిషేధమేమీ లేదు, పెద్ద కంపెనీలు చాలా రాష్ట్రాల్లో వ్యాపారం చేస్తున్నాయి. కాకపోతే ఎక్కడ అమ్మితే అక్కడి లైసెన్సు ఉండాలి, పాలసీ అక్కడి రూల్స్‌కి లోబడాలి. ఇన్సూరెన్స్ అంతర్రాష్ట్ర వాణిజ్యమేనని, అంటే కేంద్రం నియంత్రించొచ్చని 1944లో అక్కడి సుప్రీంకోర్టు అంటే, మరుసటి ఏడాదే అక్కడి పార్లమెంటు (కాంగ్రెస్) మెక్‌కారన్-ఫెర్గూసన్ చట్టం చేసి నియంత్రణను రాష్ట్రాలకే వదిలేసింది. ఇప్పుడు తగవల్లా సొంత రాష్ట్రం లైసెన్సుతోనే, సొంత రూల్స్‌తోనే వేరేచోట అమ్మొచ్చా అన్నదే. మన రాజ్యాంగంలో ఇన్సూరెన్స్ కేంద్ర జాబితాలో 47వ అంశం. దేశమంతటికీ హైదరాబాద్‌లోని ఐఆర్‌డీఏఐ ఒక్కటే రెగ్యులేటర్, అందుకే మనకీ పేచీ లేదు.

ప్రీమియం_లెక్కలు: సొంత రూల్స్‌తో వేరేచోట అమ్మొచ్చన్న ఆ మాట దగ్గరే మిమ్మల్ని పట్టుకుంటారు. ఊహకి ఒక లెక్క వేద్దాం. ఒక రాష్ట్రంలో 1,000 మంది పాలసీదారులు. 800 మంది ఆరోగ్యవంతుల వైద్యానికి ఏడాదికి తలా 2,000 డాలర్లు, 200 మంది రోగులకు తలా 20,000 అవుతుంది. మొత్తం 56 లక్షలు, సగటు 5,600. పక్క రాష్ట్రం నుంచి తక్కువ కవరేజీతో చవక పాలసీ వచ్చి 500 మంది ఆరోగ్యవంతులు అటు వెళ్లిపోతే, మిగిలిన 500 మందికి ఖర్చు 46 లక్షలు. సగటు 9,200! జబ్బున్నవాళ్లు ఏ తప్పూ చేయకుండానే ఆ భారం మోయాలి. నాకైతే ఈ వాదనే అన్నిటికన్నా బలమైనది.

మీ వైపు జవాబూ ఉంది. 2014 నుంచి ఒబామాకేర్ (ఒబామా హయాంలో వచ్చిన ఆరోగ్య బీమా చట్టం) కింద వ్యక్తిగత పాలసీల్లో పది రకాల సేవలు దేశమంతటా తప్పనిసరి, పాత జబ్బుందని పాలసీ నిరాకరించకూడదు. ఆ కనీస హద్దు కదపకుండా అమ్మనిద్దాం అనండి. అయితే అప్పుడు రాష్ట్రానికీ రాష్ట్రానికీ రూల్స్‌లో తేడా తగ్గి, మీరు చూపించే ఆదా కూడా తగ్గుతుంది. ఈ రెండో ప్రశ్నకు సిద్ధపడి వెళ్లండి.

నెట్‌వర్క్_డెస్క్: అసలు చిక్కు చట్టంలో కన్నా ఆసుపత్రుల దగ్గర ఉందండి. 2010లో వ్యోమింగ్, 2011లో జార్జియా, మెయిన్ రాష్ట్రాలు బయటి పాలసీలకు దారి తెరుస్తూ చట్టాలు చేశాయి. కంపెనీలే రాలేదు. కొత్త ఊళ్లో ఆసుపత్రి రేటు తగ్గించాలంటే పేషెంట్లను పంపగలగాలి. పేషెంట్లు రావాలంటే ప్రీమియం చవకగా ఉండాలి. రేటు తగ్గకుండా ప్రీమియం ఎలా తగ్గుతుంది? ఒబామాకేర్ చట్టంలోని 1333వ సెక్షన్ 2016 నుంచి రాష్ట్రాలు తమలో తాము ఒప్పందం చేసుకుని అమ్ముకోవచ్చని చెప్పినా ఎవరూ ముందుకు రాలేదు. ఆ సెక్షన్‌ని మీరు దాచినా ఎదుటివాళ్లు తీస్తారు, మీరే ముందు చెప్పడం మేలు.

ఎంవీపీ_రీడర్: చాలా థాంక్స్ అండి. మరి రాష్ట్రాల హద్దు లేని మన దగ్గర ఈ నెట్‌వర్క్ ఇబ్బంది, అంటే కంపెనీకి ఆసుపత్రులతో ఒప్పందాల చిక్కు, లేనట్టేనా?

నెట్‌వర్క్_డెస్క్: ఉంది. కొన్ని పాలసీల్లో ఊరినిబట్టి జోన్లుంటాయి. తక్కువ ప్రీమియం జోన్‌లో కొని ముంబైలోనో ఢిల్లీలోనో చేరితే బిల్లులో కొంత శాతం మీ చేతినుంచే పడొచ్చు. కొనేముందు పాలసీ వర్డింగ్స్‌లో జోన్, కో-పే (బిల్లులో మీరు కట్టే వాటా) క్లాజులు చదవండి, నెట్‌వర్క్ జాబితాలో విశాఖ ఆసుపత్రులు ఏవున్నాయో చూడండి. జాబితాలో లేనిచోట కూడా క్యాష్‌లెస్ ఇచ్చే ఏర్పాటు 2024 జనవరిలో మొదలైంది. ముందే అనుకున్న సర్జరీ అయితే చేరడానికి 48 గంటల ముందు, ఎమర్జెన్సీ అయితే చేరిన 48 గంటల్లోపు కంపెనీకి తెలపాలి.

బీచ్‌రోడ్_లా: డిబేట్‌లో ఫిర్యాదు సంగతి వదలొద్దు. పక్క రాష్ట్రం రూల్స్‌తో పాలసీ అమ్మితే, క్లెయిమ్ ఆపినప్పుడు కొన్నవాడి రాష్ట్ర ఇన్సూరెన్స్ కమిషనర్‌కి ఆ కంపెనీ మీద ఎంత పట్టు ఉంటుందని అడుగుతారు. మన దగ్గర కంపెనీ ఎక్కడిదైనా, విశాఖ పాలసీదారు ముందు కంపెనీకి రాసి, 30 రోజుల్లో జవాబు రాకపోయినా నచ్చకపోయినా ఏడాదిలోపు హైదరాబాద్‌ ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ (పాలసీదారుల ఫిర్యాదులు తేల్చే అధికారి) దగ్గరికి వెళ్లొచ్చు. పరిమితి 50 లక్షల రూపాయలు, ఫీజు లేదు, లాయరూ అక్కర్లేదు.