దమరు: ‘గప్‌చుప్ అవడం’ నుంచి ‘చెప్పాపెట్టకుండా’ దాకా ఒక జపనీస్ క్రియ

ప్రశ్న: ‘దమత్తె ఇరు’ని ‘మాట్లాడటం ఆపేస్తున్నాడు’ అని చదవొచ్చా? మీటింగులో గోల చేసేవాళ్లతో, ‘దయచేసి’ అనే కుదసై చేర్చి, ‘దమత్తె కుదసై’ అంటే మర్యాదగానే ఉంటుందా అండీ?

మొదటి జవాబు: రెండింటికీ కాదనే చెప్పాలి. దమరు అంటే నోట మాట ఆగిపోవడం, ఒక్క క్షణంలో అయిపోయే పని. ‘దమత్త’ అంటే గప్‌చుప్ అయిపోయాడు. అలాగే ఉండిపోతే ‘దమత్తె ఇరు’. ‘సువత్తె ఇరు’ని మనం ‘కూర్చుంటున్నాడు’ అనం కదా, ‘కూర్చుని ఉన్నాడు’ అంటాం. ఇదీ అంతే: నోరు మూసుకుని ఉన్నాడు.

ఇక కుదసై తగిలించినంత మాత్రాన మెత్తబడదు. ‘నువ్వు మాట్లాడకు’ అన్నది క్రియలోనే ఉంది. మీటింగులో ‘షిజుక ని షితె ఇతదకెమసు క’ (కాస్త నిశ్శబ్దంగా ఉంటారా) అనండి. ‘దమరె’ అయితే అచ్చంగా ‘నోర్ముయ్’.

రెండో జవాబు: దీని అసలు సొగసు ‘దమత్తె’ని మరో క్రియ ముందు పెట్టినప్పుడు తెలుస్తుంది. ‘దమత్తె కయెత్త’ అంటే చెప్పాపెట్టకుండా ఇంటికెళ్లిపోయాడు. ‘హితొ నొ జితెన్‌ష ఒ దమత్తె త్సుకత్త’ అంటే ఎవరిదో సైకిల్ అడక్కుండా వాడేశాడు. దారంతా పాటలు పాడుకుంటూ తొక్కినా సరే, అది దమత్తెనే! ఎవరికి చెప్పాలో వాళ్లకి చెప్పలేదు, అంతే లెక్క.

‘కొనొ కొతొ వ దమత్తె ఇతె కుదసై’ అంటే ఈ సంగతి ఎవరికీ చెప్పకండి. మధ్యలో ఆ ‘ఇతె’ మింగేస్తే రహస్యం దాచమనడం పోయి, నోరు మూయమనడం అవుతుంది.

ప్రశ్న: మరి ‘నోరు మూయించాడు’కి దమసు అనొచ్చా? నఒరు–నఒసు (బాగవడం–బాగుచేయడం), మవరు–మవసు (తిరగడం–తిప్పడం) జతల్లాగా?

రెండో జవాబు: చాలామంది పడే గుంట ఇదే. దమసు వేరే క్రియ, రాసే కంజీ (చైనా నుంచి వచ్చిన లిపి గుర్తు) కూడా వేరు, అర్థం మోసగించడం. ‘సెన్సెయ్ గ సెయితొ ఒ దమషిత’ అంటే మాస్టారు పిల్లల్ని మోసం చేశారని! నోరు మూయించడానికి ‘దమరసెరు’ వాడాలి. ఇక దమరుకి ‘గప్‌చుప్ అవడు’ అనే వ్యతిరేక రూపం దమరనై, ‘దమనై’ కాదు. రు ముందు ‘అ’ ఉంది కాబట్టి ఇది గొదాన్ (చివరి అచ్చు మారే రకం) క్రియే, అనుమానం అక్కర్లేదు.

మొదటి జవాబు: గదిలో సద్దుమణిగితే దమరు వాడకండి, ‘షిజుక ని నరు’ (నిశ్శబ్దం అవడం) అనాలి. దమరు మాట్లాడగల ప్రాణికే. ‘నకు కొ మొ దమరు’ అన్న నానుడిలో గప్‌చుప్ అయ్యేది కూడా ఏడ్చే పిల్లే. పేరు వింటేనే హడలెత్తించే మనిషి గురించి చెప్పేటప్పుడు అది వాడతారు.