సైజు తీసేశాక మిగిలేదంతా ఆకారమేనా? ట్రస్ కొలతలా, ల్యాండ్‌మార్క్‌లా?

చేపలెక్క: ఒకే జాతి సముద్రపు చేప, రెండు పాపులేషన్లు. వాటి శరీర ఆకారంలో తేడా ఉందో లేదో చూడాలి. ఒకదాంట్లో పొడవు 110–160 మి.మీ., రెండోదాంట్లో 140–210. చేపకు 10 ల్యాండ్‌మార్క్‌లు (ప్రతి చేపలోనూ అదే చోట గుర్తించే బిందువులు), వాటి మధ్య 21 ట్రస్ దూరాలు (ఆ బిందువుల్ని వలలా కలిపే కొలతలు). సర్దిన కొలత = కొలత × (సగటు పొడవు ÷ ఆ చేప పొడవు)^వాలు; వాలు అంటే లాగ్ లెక్కలో పొడవుతో పాటు ఆ కొలత పెరిగే రేటు. ఈ ఎలియట్ సూత్రంతో సైజు తీసేసి డిస్క్రిమినెంట్ విశ్లేషణ (గుంపుల్ని బాగా విడదీసే కొలతల కలయికను వెతికే పద్ధతి) చేస్తే చాలదా? ప్రోక్రస్టీస్‌కు (బిందువుల ఆకృతుల్ని జరిపి, తిప్పి, ఒకే సైజుకు తెచ్చి ఒకదాని మీద ఒకటి పేర్చే పద్ధతికి) మారాల్సిందేనా?

ట్రస్‌పక్షం: చాలు, వాలు సరిగ్గా తీస్తే. బోర్లా పడేది అక్కడే. మీ గుంపుల సగటు పొడవులు వేరు కాబట్టి, చేపలన్నిటినీ కలిపి ఒకే రిగ్రెషన్ గీత గీస్తే పాపులేషన్ల తేడాలో కొంత ఆ గీతలోకే పోతుంది. లాగ్ కొలత మీద లాగ్ పొడవు, గుంపు రెండూ పెట్టి, గుంపుల లోపలి ఉమ్మడి వాలు తీసుకోండి. అంతకన్నా ముందు పొడవు × గుంపు ఇంటరాక్షన్, అంటే వాలు గుంపును బట్టి మారుతోందా అన్నది చూడండి. వాలులే వేరైతే ఈ సూత్రం పనికిరాదు. రెండు వైపులా చేపలున్న 140–160 మి.మీ. పరిధిలోనే పోల్చాలి.

ఇంకోటి. సర్దాక కూడా పొడవుతో సహసంబంధం ఉన్న కొలతల్ని తీసిపారేయడం అలవాటైపోయింది. ఆ పరీక్ష గుంపుల లోపల చేయాలి. అందర్నీ కలిపి చేస్తే, పెద్ద చేపల గుంపుకు తల నిజంగానే పొడుగైనా అది "సైజు అవశేషం"లాగే కనిపిస్తుంది. పనికొచ్చే కొలతనే పారేసినట్టు.

రూపరేఖ: వాలు సంగతి ఒప్పుకుంటా. కానీ 10 బిందువుల సమతల ఆకృతికి స్థానం, తిప్పుడు పోతే మిగిలే స్వేచ్ఛ 2×10−3, అంటే 17. మీరు కొలిచేవి 21. ఆ అదనపు నాలుగు దిశల్లో దాదాపు కొలత దోషమే ఉంటుంది. డిస్క్రిమినెంట్ విశ్లేషణ కోవేరియన్స్ మాత్రికను (కొలతలు కలిసి ఎలా మారతాయో చెప్పే పట్టికను) విలోమం చేస్తుంది కాబట్టి, వైవిధ్యం తక్కువున్న ఆ దిశలకే పెద్ద బరువు పడుతుంది. ఒక గుంపును ఒకరు, ఇంకో గుంపును ఇంకొకరు కొలిస్తే కొలిచిన చేతుల తేడా "స్టాక్" (వేరే చేపల గుంపు) అయి కూర్చుంటుంది.

ట్రస్‌పక్షం: మీ దగ్గరా ఆ గొడవ ఉంది. ప్రోక్రస్టీస్ తర్వాత 20 నిలువు వరుసలున్నా ర్యాంకు, అంటే స్వతంత్ర దిశల సంఖ్య, 16. మాత్రిక విలోమమే కాదు. పైగా సెంట్రాయిడ్ సైజుతో (కేంద్రం నుంచి బిందువుల దూరాలతో లెక్కించే సైజుతో) భాగిస్తే అల్లోమెట్రీ (సైజుతో పాటు ఆకారం మారడం) పోయిందనుకునేవాళ్లు ఎందరో! పోయేది స్కేలు మాత్రమే.

రూపరేఖ: అందుకే విశ్లేషణ ప్రధాన అక్షాల (పీసీఏ ఇచ్చే, వైవిధ్యం ఎక్కువున్న దిశల) స్కోర్ల మీద చేస్తాం. ఆకారం మీద లాగ్ సెంట్రాయిడ్ సైజు, గుంపు, ఇంటరాక్షన్‌తో జియోమార్ఫ్ అనే ఆర్ ప్యాకేజీలో 999 పెర్ముటేషన్లు (డేటాను యాదృచ్ఛికంగా కలగలిపి చేసే పరీక్షలు) వేస్తాం. అసలు చికాకు వేరే ఉంది: మొదటి అక్షం చాలాసార్లు చేప వంగిన తీరే చూపిస్తుంది. నడిరేఖ మీద అదనపు బిందువులు పెట్టి వంపు సరిచేయాలి. కొన్ని చేపల్ని రెండేసిసార్లు ఫోటో తీసి, రెండేసిసార్లు డిజిటైజ్ చేస్తే దోషం ఎంతో తెలుస్తుంది.

తటస్థం: పద్ధతి ఏదైనా, వర్గీకరణ శాతాన్ని అదే చేపల మీద లెక్కించి చూపితే నమ్మను. ఒక్కో చేపను పక్కన పెట్టి పరీక్షించాలి. స్టెప్‌వైజ్ ఎంపిక (కొలతల్ని ఒక్కొక్కటిగా ఏరుకోవడం), వాలు లెక్కింపు కూడా ప్రతిసారీ ఆ చేప లేకుండానే జరగాలి. సెమీ ల్యాండ్‌మార్క్‌లతో (వంపుల వెంట పెట్టే అదనపు బిందువులతో) చరాలు పెరిగి చేపలు తక్కువైతే, గుంపుల సగటుల మీద చేసే పీసీఏ లేని విభజనను కూడా చూపిస్తుంది. గుంపు పేర్లు కలగలిపి మళ్లీ నడపండి. అప్పుడూ గుంపుల చుక్కల మబ్బులు విడిపోతే ఆ బొమ్మను పక్కన పడేయండి.

చేపలెక్క: ఒక గుంపు ఫార్మలిన్‌లో ఉంది, రెండోది ఫ్రీజర్‌లో. దాన్నీ చరంగా పెట్టొచ్చా?

తటస్థం: పెట్టలేరు. నిల్వ పద్ధతి, పాపులేషన్ ఒకదానితో ఒకటి పూర్తిగా ముడిపడ్డాయి. ఏ మోడలూ విడదీయలేదు. తాజా చేపల్ని కొలిచి, కొన్నిటిని ఫార్మలిన్‌లో, కొన్నిటిని ఫ్రీజర్‌లో అంతే కాలం ఉంచి మళ్లీ కొలవండి. ఆ మార్పు మీ గుంపుల తేడా దిశలోనే ఉంటే, ట్రస్సా ప్రోక్రస్టీసా అన్న వాదనే అనవసరం. కొత్త నమూనాలు తెచ్చుకోవాల్సిందే.