అప్‌డేట్: మా కొట్టులో సరుకు మాయం కావడానికి కారణం తెలిసింది

కావలిలోని మా కిరాణా కొట్టులో సబ్బులు, కొబ్బరినూనె సీసాలు, టీ పొడి ప్యాకెట్లు లెక్కకు తగ్గుతున్నాయని రెండు నెలల క్రితం ఇక్కడ అడిగాను. సలహా ఇచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

ఫలించింది గుర్తు పెట్టమన్న సలహా. ప్రతి ప్యాకెట్టు మీద బార్‌కోడ్ పక్కన పచ్చ సిరాతో చిన్న చుక్క పెట్టాము. మూడో వారంలో మా పిన్ని, చవకగా వచ్చాయంటూ సంత నుంచి నాలుగు సబ్బులు తెచ్చింది. మూడింటి మీద మా చుక్క ఉంది! ఆ తర్వాత కెమెరా రికార్డింగు ఓపికగా చూస్తే విషయం బయటపడింది. ఒకతను కందిపప్పు తూచమని నన్ను కాటా దగ్గర నిలబెట్టేవాడు. రెండో మనిషి గోనెసంచి మడతలోకి సబ్బులు జార్చుకునేవాడు.

పోలీసులకు ఫిర్యాదు ఇచ్చాము. వకీలు చెప్పిన ఒక సంగతి అందరికీ పనికొస్తుంది: భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (నేరాల దర్యాప్తు, విచారణ పద్ధతి చట్టం) ప్రకారం మామూలు దొంగతనంలో సొత్తు విలువ 5,000 రూపాయల లోపైతే మేజిస్ట్రేటు అనుమతి లేకుండా పోలీసులు దర్యాప్తు చేయలేరు. దొంగసొత్తని తెలిసి కొనడమూ నేరమే.

ఎలుకలు, బిల్లు పొరపాట్లు కారణం కాదు. పనిపిల్లవాడిని అనుమానించాను, అది నన్ను ఇప్పటికీ బాధిస్తోంది. అతని తల్లి ఎదుటే క్షమాపణ అడిగాను. సబ్బుల అరను కాటాకు ఎదురుగా మార్చాము. ఈ నెల లెక్క సరిపోయింది.