చిలికా సరస్సు: రంభ ఊరి నుంచి తెరచాప పడవలో దీవులు, ఒక్క రోజులో ఎన్ని చూడొచ్చు?

బరంపురం కోడలు:
పెళ్లై ఏడాది అవుతోంది, ఆ సందర్భంగా జనవరిలో నేనూ మా ఆయనా ఒడిశాలోని చిలికాలో ఒక రోజంతా పడవ మీద గడపాలనుకుంటున్నాం. మోటారు బోటు వద్దు. ఇదివరకు బార్కుల్ ఒడ్డు నుంచి కాళిజాయి దీవికి అలాగే వెళ్లొస్తే డీజిల్ వాసన, ఇంజన్ మోత తప్ప ఇంకేం గుర్తులేదు. రంభలో మాకు తెలిసిన జాలరి ఒకాయన తెరచాప నావలో తీసుకెళ్తానంటున్నాడు. బ్రేక్‌ఫాస్ట్ దీవి, హనీమూన్ దీవి, బర్డ్స్ ఐలాండ్, వీలైతే కాళిజాయి, నాలుగూ ఒకే రోజు అవుతాయా? మా అత్తగారికి ఒకటే టెన్షన్. కొత్తగా పెళ్లైన జాయి అనే అమ్మాయి తుఫానులో పడవ మునిగి చనిపోయిందని కాళిజాయి కథ ఉంది కదా, రోజూ అదే గుర్తుచేస్తున్నారు. వెళ్లొచ్చినవాళ్లు ఎవరైనా వివరంగా చెప్పండి.

ఛత్రపురం టీచర్:
మేమిద్దరం పోయిన జనవరిలో వెళ్లాం అమ్మా. నాలుగు దీవులు కుదరవు, రెండే పెట్టుకోండి. కాళిజాయి బాలుగాం వైపు, రంభ నుంచి గాలిని నమ్ముకుని వెళ్తే చీకటి పడేలోపు తిరిగి రాలేరు.

ఆరున్నరకి బయల్దేరాం. అప్పటికి ఆకు కూడా కదలడం లేదు, పడవాయన గెడ వేసి నెట్టుకుంటూనే బ్రేక్‌ఫాస్ట్ దీవికి చేర్చాడు (అక్కడ నీళ్లు ఎంత తక్కువ లోతంటే గెడకి అడుగు తగులుతూనే ఉంది). ఖల్లికోట రాజావారు కట్టించిన బంగళా గోడలు కొన్ని మిగిలాయి, వాటి నీడలోనే ఇడ్లీలు తిన్నాం. తొమ్మిది దాటాక గాలి లేచింది. తెరచాప ఎత్తగానే కాసేపు పటపటా కొట్టుకుంటుంది, పడవ ఓ పక్కకి తిరిగేసరికి బిగుసుకుని చప్పుడు ఆగిపోతుంది, ఇక పడవ కింద నీళ్ల గలగల ఒక్కటే. ఫోన్ వదలని మా ఆయన చేతికి పడవాయన తెరచాప తాడు ఇచ్చాడు, మధ్యాహ్నం దాకా ఆయన దాన్ని వదల్లేదు. హనీమూన్ దీవి జెట్టీ నుంచి ఐదు కిలోమీటర్లే అంటారు గానీ గాలికి ఎదురు కాబట్టి కాసేపు ఎడమకి, కాసేపు కుడికి వంకర్లు తిరుగుతూ వెళ్లాలి, మాకు రెండున్నర గంటలు పట్టింది. దిశ మార్చిన ప్రతిసారీ తెరచాప కట్టిన వెదురు మన తల మీదుగా అవతలికి వెళ్తుంది, ఆయన "తల" అనగానే వంగిపోవాలి, ఇది మాత్రం బాగా గుర్తుపెట్టుకోండి. దీవి దగ్గర నీళ్లు తేటగా ఉంటాయి, అడుగున ఎర్ర నాచు, పచ్చ నాచు కనిపిస్తాయి. ఆ చూపు కోసమైనా అక్కడ గంటసేపు ఆగండి.

రంభ ఒడ్డు:
మా తాతగారు ఇక్కడ పడవ నడిపేవారు. జనవరిలో ఎందుకు వెళ్లాలో చెప్తాను. చలికాలంలో గాలి ఎక్కువగా ఉత్తరం, ఈశాన్యం నుంచి. రంభ సరస్సుకి నైరుతి మూల. అంటే వెళ్లేటప్పుడు ఎదురుగాలి, ఒళ్లు అలిసి తిరిగొచ్చేటప్పుడు వాలుగాలి. మార్చి దాటితే దక్షిణపు గాలి మొదలై అంతా తలకిందులవుతుంది. హాయిగా వెళ్లిపోతారు, రాలేరు. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం వచ్చే కాలవైశాఖి గాలివాన సంగతి వేరే చెప్పక్కర్లేదు. అత్తగారి భయం అర్థమవుతుంది, ఆ కథలో ప్రాణం తీసింది తుఫానే కదా, అందుకే నెల చూసుకుని వెళ్లమనేది. మన నావల అడుగు చదునుగా ఉంటుంది, నీళ్లలోకి దిగే పలక ఏదీ ఉండదు కాబట్టి ఎదురుగాలిలో పక్కకి జారుతుంది. గాలి పడిపోతే గెడే గతి. ఎక్కేముందు గెడ, రెండు తెడ్లు, లంగరు, ఇద్దరికీ సరిపోయే లైఫ్ జాకెట్లు కళ్లారా చూడండి. జాకెట్ బకిల్ పెట్టి లాగి మరీ చూడండి.

పక్షుల పిచ్చి:
బర్డ్స్ ఐలాండ్ రాళ్లు రెట్టలతో తెల్లగా ఉంటాయి, దూరం నుంచే గుర్తుపడతారు. తెరచాప పడవకి చప్పుడు ఉండదు కాబట్టి పక్షులు మోటారుకి బెదిరినంతగా బెదరవు, అయినా మరీ దగ్గరికి పోకండి. డాల్ఫిన్లు సాతపడా వైపు, రంభలో చూపిస్తానంటే నమ్మొద్దు. ఇంకో మాట, హనీమూన్ దీవి అసలు పేరు బార్కుడా. కాళ్లు లేని బల్లిజాతి జీవి ఒకటి ఉంది, 1917లో అన్నండేల్ అనే శాస్త్రవేత్త లోకానికి తెలియజేసింది ఈ దీవి నుంచే. దానికి పెట్టిన శాస్త్రీయ నామం బార్కూడియా ఇన్సులారిస్. మట్టిలో, రాళ్ల కింద ఉంటుంది, దయచేసి ఫొటో కోసం రాళ్లు తిరగేయకండి.

బరంపురం కోడలు:
వెళ్లొచ్చాం! రెండే దీవులు. వచ్చేటప్పుడు వాలుగాలి అన్నారు గానీ మూడింటికి పూర్తిగా పడిపోయింది, అరగంట పడవ నీళ్ల మీద ఊరికే నిలబడిపోయింది, గెడ ఉందో లేదో ముందే చూసుకున్నందుకు మీకు దండం. మళ్లీ గాలి వచ్చాక చుక్కాని నాకిచ్చారు. అది మనం తిప్పిన వెంటనే పలకదు, కాస్త ఆగి పలుకుతుంది, అది అలవాటయ్యేసరికి ఒడ్డు వచ్చేసింది. తాడు పట్టుకున్న మా ఆయన అరచేతులు కమిలిపోయాయి, వెళ్లేవాళ్లు పాత గుడ్డ ఒకటి తీసుకెళ్లండి. అత్తగారు రంభ దాకా మాతోనే వచ్చారు, దూరంగా మా తెరచాప కనపడినప్పటి నుంచి జెట్టీ మీద నిలబడే ఉన్నారట. ఫిబ్రవరిలో బాలుగాం నుంచి కాళిజాయికి వెళ్దామంటున్నారు, తానూ వస్తారట. అటు తెరచాప నావ ఉన్నవాళ్లు ఎవరైనా తెలుసా?