ప్రీలాంచ్ ఫ్లాటుకు మొత్తం సొమ్ము ముందే కట్టమంటున్నారు, కట్టవచ్చునా?

ప్రశ్న:
నమస్కారం. మేము మొదటిసారి సొంత ఇల్లు కొనాలనుకుంటున్నాం. హైదరాబాదు శివార్లలో, కొల్లూరు వైపు, ఇంకా పునాదులైనా తీయని ఒక ప్రాజెక్టులో ప్రీలాంచ్‌గా, అంటే అధికారికంగా అమ్మకాలు మొదలుకాకముందే, ఫ్లాటు తీసుకోమంటున్నారు. విడతలవారీగా కడితే చదరపు అడుగు 6,200 రూపాయలనీ, నెలలోగా మొత్తం కట్టేస్తే 4,200కే ఇస్తామనీ చెబుతున్నారు. రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) నమోదు నంబరు అడిగితే ఫైలు నడుస్తోందన్నారు. అది వచ్చేదాకా స్టాంపు కాగితం మీద ఎంఓయూ (అవగాహన పత్రం) రాసిస్తారట. బేరం ఊరిస్తోంది గానీ ధైర్యం చాలడం లేదు. తెలిసినవారు సలహా ఇవ్వగలరు.

జవాబు 1:
దయచేసి కట్టకండి. 2016 నాటి రెరా చట్టం ప్రకారం ఇంత పెద్ద ప్రాజెక్టును నమోదు చేయించకుండా ప్రకటన ఇవ్వడానికే వీలులేదు, ఇక అమ్మడం సంగతి చెప్పేదేముంది! నమోదైన ప్రాజెక్టులో సైతం, అమ్మకపు ఒప్పందం రిజిస్టరు కాకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు. కొనుగోలుదారుల సొమ్ములో 70 శాతం ఆ ప్రాజెక్టు స్థలానికీ నిర్మాణానికే ఖర్చయ్యేలా వేరే ఖాతాలో ఉంచాలన్న నిబంధన కూడా నమోదుతోనే అమలవుతుంది. అది లేనప్పుడు మీ డబ్బు మరెక్కడో భూమికి బయానాగా వెళ్లినా మీకు తెలియదు. ఆ రెండు వేల తగ్గింపు, నా లెక్కలో, మీరు హామీ లేకుండా ఇస్తున్న అప్పుకు వాళ్లు చూపిస్తున్న వడ్డీ.

జవాబు 2:
పై వారితో ఏకీభవిస్తూ ఒక మాట. ఆ సర్వే నంబరుకు ఈసీ (ఆ భూమి మీద రిజిస్టరయిన లావాదేవీలు చూపే పత్రం) తీయించి, భూమి యజమానికీ బిల్డరుకూ మధ్య డెవలప్‌మెంట్ ఒప్పందం (భూమి ఇచ్చి, కట్టిన ఫ్లాట్లలో వాటా తీసుకునే ఒప్పందం) రిజిస్టరయిందో లేదో చూడండి. అయి ఉంటే, ఏ ఫ్లాట్లు ఎవరి వాటాకు వచ్చాయో కూడా చదవండి, ఎందుకంటే మీకు అమ్మజూపుతున్న ఫ్లాటు యజమాని వాటాలోదైతే దాన్ని అమ్మే హక్కు బిల్డరుకు ఉండదు. ధర ఏ విస్తీర్ణం మీద చెబుతున్నారో కూడా అడగండి. కార్పెట్ ఏరియాలో, అంటే ఇంటి లోపల వాడుకునే విస్తీర్ణంలో, బయటి గోడలూ బాల్కనీలూ కలవవు.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండి, మేము విరమించుకుంటున్నాం. అయితే మా బంధువులు అక్కడే ఇప్పటికే రెండు లక్షలు టోకెన్ కట్టారు. వారికేమైనా దారి ఉందా?

జవాబు 1:
ఉంది. ముందుగా సొమ్ము వాపసు కోరుతూ స్పీడ్ పోస్టులో లేఖ పంపమనండి. నమోదు లేకుండా అమ్మినందుకు ప్రాజెక్టు అంచనా వ్యయంలో 10 శాతం దాకా జరిమానా పడే అవకాశం ఉంది కనుక, తెలంగాణ రెరాకు ఫిర్యాదు చేస్తామన్న మాటకే చాలామంది దిగివస్తారు. జిల్లా వినియోగదారుల కమిషన్‌కు కూడా వెళ్లవచ్చు. రెరా ఉన్నంత మాత్రాన ఆ దారి మూసుకుపోదని సుప్రీంకోర్టు 2020లో స్పష్టం చేసింది. మధ్యలో ఏజెంటు ఎవరైనా ఉంటే అతనికీ రెరా నమోదు తప్పనిసరి, పైగా నమోదు కాని ప్రాజెక్టులో ఫ్లాట్లు అమ్మిపెట్టడం అతనికి నిషేధం, కాబట్టి ఫిర్యాదులో అతని పేరూ చేర్చమనండి. బ్రోషరు, వాట్సాప్ సందేశాలు, బ్యాంకు స్టేట్‌మెంటు వేటినీ పారేయవద్దు. నగదుగా ఇచ్చి ఉంటే మాత్రం, సంతకమూ తేదీ ఉన్న రసీదు ముందు సంపాదించి, ఆ తర్వాతే లేఖ పంపడం మంచిది.